గృహవిజ్ఞానము: కన్నులేని కణమునకు దారి యెట్లు తెలియును?

నందిగామ, జగ్గయ్యపేట సీమలోని చెవిటికల్లునుండి యొక సోదరి వ్రాసిన జాబును ఈ నెల మా విషయముగా గైకొనుచున్నాము. ఆమె కుమారుడు ప్రత్తిచేలో తుమ్మముల్లు త్రొక్కెనట. రెండవనాటికి పాదము వాచి యెఱ్ఱబడెను. మూడవనాడు చీము పట్టెను. "చెడునెత్తురంతయు అక్కడికి దిగినదమ్మా, పోనీ" యని అత్తగారు చెప్పిరి. బడిలో చదువుకొనుచున్న కూతురు మాత్రము, "అది చెడునెత్తురు గాదు, తెల్లకణములు" అనెను. సోదరి యడిగిన ప్రశ్న యిది: "తెల్లకణములే యనుకొందము. కన్నులు, చెవులు, ముక్కు ఏవియు లేని యా కణములకు ముల్లు గ్రుచ్చుకొన్న చోటు ఎవరు చూపిరి?"

ప్రశ్న చిన్నదిగా దోచును గాని, దీని సమాధానము కొఱకు శాస్త్రజ్ఞులు నూట నలువది యేండ్లకు పైగా శ్రమపడుచున్నారు. తేలిన సారమును ముందుగనే మనవి చేయుచున్నాము. కణమునకు దారి చూపునది పోలిక. "ఇటువైపు వాసన యెక్కువా, అటువైపు ఎక్కువా?" యని పోల్చుకొనుటయే దాని చూపు. ఆ పోలిక తప్పకుండుటకు దానికి మఱియొక గుణము కావలెను. అది మఱపు. పాతవాసనను మఱచినగాని క్రొత్తవాసన తెలియదు. ఈ రెండు మాటలను మనసునందుంచుకొన్నచో, తక్కినదంతయు వంటయింటి విషయమువలెనే తేటపడును.

విచిత్రమేమనగా, ఈ శాస్త్రము కూడ ఒక ముల్లుతోనే మొదలయ్యెను. 1882వ సంవత్సరమున రష్యాదేశీయుడైన ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనా పట్టణమున సముద్రజంతువులను పరిశీలించుచుండెను. నక్షత్రచేప పిల్లలు గాజువలె పారదర్శకమైనవి. లోపల జరుగునదంతయు సూక్ష్మదర్శినిలో కానవచ్చును. ఆయన అట్టి పిల్లదేహములో చిన్న గులాబిముల్లు గ్రుచ్చి, మఱునాటి యుదయమున చూడగా, దేహములో సంచరించు కణములనేకములు ఆ ముల్లుచుట్టును మూగియుండెను. ఆ పిల్లకు రక్తనాళములు లేవు. కావున కణములు నెత్తుటి వెల్లువలో కొట్టుకొనివచ్చినవి గావు. తమంతట తాము నడచివచ్చినవి. ఈ పరిశోధనకు ఫలముగా 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమానము లభించెను.

మన దేహమునకు వత్తము. తెల్లకణములలో కొన్ని గాయములకడకు మొట్టమొదట పరుగెత్తునవి. వీనిని న్యూట్రోఫిలు లందురు. మన యెముకల మూలుగ దినమునకు సుమారు 10,000 కోట్ల యిట్టి కణములను పుట్టించును. అవి నెత్తుటితో తలనుండి పాదమువఱకు తిరుగుచునే యుండును. సోదరి యనుకొన్నట్లు, తలలోనున్న కణమునకు పాదములోని ముల్లు తెలియదు, తెలియనక్కరయు లేదు. నెత్తురు దానిని అన్నిచోట్లకు త్రిప్పుచుండగా, ఎప్పుడో యొకప్పుడు అది పాదములోని సన్నని నాళమునకు వచ్చును. గాయముదగ్గఱ ఆ నాళపు లోపలిగోడ జిగురుగా మారియుండును. అచ్చట కణము తగులుకొని, మెల్లగా దొర్లి, నిలిచి, గోడ సందులోనుండి దూరి వెలుపలికి వచ్చును. అచ్చటనుండి ముల్లువఱకు దానిది కాలినడక. ఆ నడక నిమిషమునకు సుమారు 10 మైక్రానులు. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. అనగా ఒక మిల్లీమీటరు నడచుటకే గంటన్నరకు పైగా పట్టును.

ఈ కాలినడకలో దారి చూపునవి రసాయనద్రవ్యములు. వానిని మనము వాసన లనుకొందము. చిరిగిన కణములలోనుండి ఒలికిన ద్రవ్యములు కొన్ని. ముల్లుతో లోనికి వచ్చిన సూక్ష్మజీవులు విడుచునవి మఱికొన్ని. ఈ సూక్ష్మజీవులు తమ మాంసకృత్తులను ఒక ప్రత్యేకమైన ముద్రతో మొదలుపెట్టును; మన కణములు తయారుచేయు మాంసకృత్తులలో సాధారణముగా ఆ ముద్ర యుండదు. అట్టి ముద్రగల తునుకలవైపు తెల్లకణములు పరుగిడునని 1975లో తేలినది. 2009లో జీబ్రాచేప పిల్ల తోకపై చిన్నగాయము చేసి చూడగా, గాయపు అంచునుండి హైడ్రోజన్ పెరాక్సైడు కొలది నిమిషములలోనే లోపలికి వ్యాపించుట కానవచ్చెను. దొంగ లెక్కడ కన్నము వేసినది తెలియజేయు తొలికేక యిదే. ముందుగా వచ్చిన తెల్లకణములు తామును వాసనలు విడిచి వెనుకటివానిని పిలుచును. వచ్చిన కణములు సూక్ష్మజీవులను మ్రింగి, అచ్చటనే చచ్చును. ఆ మృతవీరుల కుప్పయే చీము. కాబట్టి చెడునెత్తురు దిగినదనుట సరిగాదు. మంచిసేన వచ్చి పోరాడిన గుఱుతు అది.

ఇక అసలు చిక్కు. వాసన గాయముకడ దట్టముగను, దూరము పోయినకొలది పలుచగను ఉండును. తెల్లకణము వెడల్పు పదిపండ్రెండు మైక్రానులు మాత్రమే. అంత చిన్నదేహమున ముందటి కొసకును వెనుకటి కొసకును తగులు వాసనలో తేడా యెంత? కొన్ని వేళల నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. ఒక దోసిట నూఱు ఉప్పుపలుకులు, ఇంకొక దోసిట నూటరెండు పలుకులు పోసి, కన్నులు మూసికొని ఏది యెక్కువయో చెప్పుమన్నట్లున్నది. పైగా ఆ పలుకులు నిలుకడగా నుండవు. నీటిలోని అణువులు క్షణమొక తీరున కదలాడుచుండును. ఇప్పుడు తగిలిన అణువు మఱుక్షణమున తగులకపోవచ్చును.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు మన మొక మెతుకు పట్టి చూతుము. కుండ యంతయు ఒకే మంటపై నున్నది గనుక ఒక మెతుకు చాలును. కణమున కట్లు చాలదు. అందుకే దాని పైపొరయందంతటను వేలకొలది గ్రాహకములున్నవి. ఒక్కొక్కటి ఒక అణువును పట్టుకొను చిన్నచేయి. కణము ఏ యొక్క చేతిమాటయు నమ్మదు. అన్ని చేతుల మాటలను కొంతసేపు విని, మొత్తముమీద ఎటువైపు మాటలు హెచ్చో చూచును. కందిపప్పు కొనునప్పుడు ఒక గింజను గాక, మూటలో నాలుగుచోట్ల చేయిపెట్టి పిడికెడేసి చూచు గృహిణి నేర్పే యిది.

తేడా తెలిసినంతమాత్రమున నడక రాదు. నూటికి రెండు పాళ్ల తేడాను, "ఇటే పొమ్ము" అను దృఢమైన యాజ్ఞగా మార్చవలెను. శాస్త్రజ్ఞులు దీనిని ఈ విధముగా వివరించుచున్నారు. గ్రాహకము వాసన పట్టినచోట కణములోపల రెండు ఆజ్ఞలు పుట్టును. "ముందుకు సాగుము" అను నాజ్ఞ పుట్టినచోటనే నిలుచును. "ఆగుము" అను నాజ్ఞ కొంచెము మెల్లగా పుట్టి దేహమంతటను సమముగా ప్రాకును. వాసన యెక్కువగల కొసయందు సాగుమను మాట ఆగుమను మాటను మించును. ఎదుటికొసయందు ఆగుమను మాటయే మించును. ఆ విధముగా ముందుకొస పాదమువలె చాచుకొనును, వెనుకకొస ముడుచుకొని వచ్చును. రథమును నాలుగువైపులను లాగినచో అది కదలదు. ఒకవైపు లాగువారుండి, తక్కినవైపులవారు త్రాళ్లు వదలినప్పుడే సాగును.

ముందువెనుకలు పోల్చుకొనుట యిట్టి పెద్దకణములకు చెల్లును. సూక్ష్మజీవుల సంగతి యేమి? మన ప్రేగులలో నివసించు ఈ-కోలై యను సూక్ష్మజీవి పొడవు సుమారు రెండు మైక్రానులు. అంత చిన్నదేహముతో, నీటిలో వేగముగా ఈదుచు, రెండు కొసల తేడాను గుర్తించుట దానికి సాధ్యముగాదు. అందుచేత అది చోటును గాక కాలమును పోల్చును. దానికి తోకలవంటి సన్ననిపోగులున్నవి. అవి చక్రములవలె గిరగిర తిరుగును. ఒకవైపు తిరిగినప్పుడు పోగులన్నియు జడవలె కలిసి, జీవిని తిన్నగా ఒక సెకండు కాలము ముందుకు త్రోయును. ఎదురువైపు తిరిగినప్పుడు జడ విడిపోయి, జీవి క్షణకాలము పిల్లిమొగ్గ వేసి, ఏదో యొక క్రొత్తదిక్కునకు మొగము త్రిప్పును. ఈదుట, పిల్లిమొగ్గ, మరల ఈదుట: దాని బ్రదుకంతయు నింతే. హోవర్డ్ బెర్గ్, డగ్లస్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు 1972లో ఒక్కొక్క జీవిని సూక్ష్మదర్శినితో వెంటాడి యీ నడకను కొలిచిరి.

ఇందులో దారి యెట్లు దొరకును? ఈదుచుండగా తీపి హెచ్చుచున్నచో జీవి పిల్లిమొగ్గను వాయిదా వేసి, అదేదారిని మఱికొంత సాగును. హెచ్చనిచో త్వరలోనే పల్టీకొట్టి వేఱుదిక్కు చూచును. చీకటియింటిలో మల్లెపూలబుట్ట యెక్కడ నున్నదో వెదకువారు నాలుగడుగులు వేసి, వాసన హెచ్చినచో ముందుకు పోవుటయు, తగ్గినచో మరలుటయు ఇట్టిదే. దీనికి రుజువును 1972లోనే మాక్‌నాబ్, కోష్‌లాండ్ అనువారు చూపిరి. వారు సూక్ష్మజీవులను తీపి తక్కువైన నీటినుండి తీపి యెక్కువైన నీటిలోనికి ఒక్కసారిగా మార్చిరి. క్రొత్తనీటిలో తీపి అంతటను సమానమే. అచ్చట ముందువెనుకల తేడా యేమియు లేదు. అయినను అవి మంచిదారి దొరకినట్లు కొంతసేపు తిన్నగా ఈదెను. అనగా వానికి గడచిన క్షణము జ్ఞాపకమున్నదన్నమాట. ఆ జ్ఞాపకము కొలది సెకండులు మాత్రమే.

ఇచ్చటనే మఱపు యొక్క ఉపయోగము తెలియును. నందిగామ ప్రాంతమున మిరపకాయలు కల్లములలో నారబోయు దినములలో, క్రొత్తగా వచ్చినవారు ఘాటునకు తుమ్మి దగ్గుదురు. తెల్లవాఱినదిమొదలు అచ్చట కాయలేరుచున్న స్త్రీలకు ఆ ఘాటు అంతగా తోచదు. వారి ముక్కు పనిచేయక కాదు. నిలుకడగానున్న ఘాటును అది లెక్కనుండి తీసివేసినది. అయినను, దూరమున ఎచ్చటనో పొగ పుట్టినచో వారు దానిని పసిగట్టగలరు. సూక్ష్మజీవియు అట్లే చేయును. నిలుకడగానున్న తీపిని కొలదిసేపటిలో మఱచి, మరల మొదటివలె ఈదుటకు దిగును. అందువలన చిటికెడు తీపియందును, పిడికెడు తీపియందును అది మార్పునే చూడగలదు. మఱపు లేనిచో, మొదటితీపి తగిలినచోటనే మైమఱచి, దాని వెనుకనున్న గొప్పతీపిని ఎన్నటికిని చేరజాలదు.

ఈ మఱపు ఎంత నమ్మదగినది? కణములోని భాగములు అచ్చులో పోసినట్లు సమానముగా నుండవు. ఒక కణములో ఒక మాంసకృత్తు హెచ్చుగా, ఇంకొక కణములో తక్కువగా నుండును. అయినను అన్నియు సరిగానే మఱచి, సరిగానే దారి పట్టునేల? నమోదు చేయవలసిన కొలత ఏదియు సరిగా లేకున్నను పని చెడకుండునట్లు ఆ యేర్పాటే అమర్చబడియున్నదని బర్కాయ్, లీబ్లర్ అను శాస్త్రజ్ఞులు 1997లో గణితముతో చూపిరి. 1999లో యూరీ ఆలన్ మొదలైనవారు సూక్ష్మజీవులలోని మాంసకృత్తుల పాళ్లను బుద్ధిపూర్వకముగా హెచ్చుతగ్గులు చేసి చూచిరి. కొన్ని గుణములు మారెను గాని, పాతవాసనను పూర్తిగా మఱచు గుణము మాత్రము చెడలేదు. కొలపాత్ర లేకున్నను పులుసు రుచి చెడనీయని యనుభవశాలినులు మన యిండ్లలో లేరా? వారు రుచి చూచుచు సరిదిద్దుచు పోవుదురు. కణము చేయునదియు నదే.

మఱచుట కణములోపల జరుగు పని. వెలుపలి పాతవాసనను తుడిచివేయుట మఱియొక పని. దీనికి దృష్టాంతముగా మన్నులో నివసించు ఒక అమీబాను చెప్పెదము. దాని పేరు డిక్టియోస్టీలియం. 1933లో కెన్నెత్ రేపర్ అను నాయన అమెరికాలోని ఉత్తర కరొలినా యడవిలో కుళ్లిన యాకులనుండి దీనిని వేఱుచేసెను. మేత యున్నంతకాలము ఈ అమీబాలు ఒంటరిగా తిరుగుచు సూక్ష్మజీవులను తినును. కఱవు వచ్చినప్పుడు లక్షవఱకు అమీబాలు ఒకచోట చేరి ఒకే దేహమగును. వానిలో సుమారు అయిదవవంతు కాడగా మారి చచ్చును; తక్కినవి ఆ కాడ కొసను విత్తులవంటి బీజములై మంచికాలమునకు వేచియుండును. కొందఱు ప్రాణమిచ్చి తక్కినవారిని నిలుపు కుటుంబ మది.

ఇవి యొకచోటికి చేరుటకు పిలుపేది? 1947లో జాన్ బోనర్ పల్లెములోని అమీబాలపై నీటిని మెల్లగా పాఱించి చూచెను. గుంపునకు దిగువనున్న అమీబాలు గుంపువైపు తిరిగి నడచెను. ఎగువనున్నవానికి పిలుపు తెలియలేదు. కావున పిలుపు నీటిలో కరగి పోవు ద్రవ్యమే యని తేలెను. అది సైక్లిక్ ఏఎంపీ యను ద్రవ్యమని 1967లో కోనైన్, బోనర్ మొదలగువారు కనిపెట్టిరి. నడుమనున్న అమీబాలు సుమారు ఆఱు నిమిషముల కొకసారి ఈ ద్రవ్యమును విడుచును. దగ్గఱనున్నవి దానిని పసిగట్టి, అటువైపు కొంత నడచి, తామును విడుచును. ఆ విధముగా కబురు ఇంటింటికి అందినట్లు దూరమునకు ప్రాకును. దానితోపాటు ఆ ద్రవ్యమును విఱుగగొట్టు ఎంజైమును గూడ అవి విడుచును. పాతకబురు తుడిచివేయబడినగాని క్రొత్తకబురు వినరాదు గదా. నిన్నటి ముగ్గు చెఱపి, కల్లాపి చల్లినపిదపనే నేటి ముగ్గు తేటగా నుండును.

ఈ అమీబా కథకును మన యాంధ్రదేశమునకును ఒక చుట్టఱికమున్నది. సైక్లిక్ ఏఎంపీని కణము దేనినుండి తయారుచేయును? ఏటీపీ యను ద్రవ్యమునుండి. ప్రతి ప్రాణియందును శక్తికి నాణెమువలె చెల్లు ఈ ఏటీపీని 1929లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ అను నాయన వేఱుగా దానిని కనుగొనెను. సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి గతించినపిదప తల్లి వెంకమ్మగారు పట్టుదలతో చదివించిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి అమెరికాకు పోయి, 1948లో పరలోకగతులగువఱకు అచ్చటనే పరిశోధనలు సలిపిరి.

చుట్టఱికము అంతటితో ముగియలేదు. కఱవు రాకమునుపు, మేత వెదకు అమీబాలకు దారి చూపు వాసన వేఱు. సూక్ష్మజీవులు విడుచు ఫోలిక్ ఆమ్లముయొక్క జాడపట్టి అమీబాలు మేతకడకు పోవునని 1972లో తేలెను. ఆ ఫోలిక్ ఆమ్లమునే 1945లో ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేసినది లెడర్లే సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము. ఆయన సోదరులను స్ప్రూ యను ప్రేగువ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధికే ఈ ద్రవ్యము మందయ్యెను. తాము చేపట్టిన రెండు ద్రవ్యముల జాడలును ఒక చిన్న అమీబాకు దారిదీపములని తెలియుటకు ముందే ఆయన కన్నుమూసిరి.

ఇచ్చట తల్లులకు ఒక మాట. ఫోలిక్ ఆమ్లము అమీబాకు వాసన, మనకు ఆహారము. దీని యవసరము మొదట బయలుపడినది మన దేశమునందే. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో నేతమిల్లుల పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారముతో అది కుదురుచున్నదని ప్రకటించెను. అందులోని గుణద్రవ్యము ఫోలిక్ ఆమ్లమేయని పిమ్మట తెలిసినది. శిశువు వెన్నుపామునకు మూలమైన నాళము గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనును. అప్పటికి చాలమందికి గర్భమన్న సంగతియే తెలియదు. వెన్నులోపముగల శిశువును అంతకుముందు కన్న తల్లులు గర్భమునకు ముందునుండియే ఈ మాత్రలు తీసికొన్నచో, లోపము మరల రాకుండుట నూటికి 72 పాళ్లు సాధ్యమని 1991లో ప్రకటించిన గొప్పపరీక్షలో తేలినది. కావున సంతానము కోరు స్త్రీలందఱును గర్భము నిలుచుటకు ముందే దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. అట్టి శిశువును ముందు కన్నవారికి మోతాదు వేఱు. వారు వైద్యునడిగి తీసికొనవలెను.

మన చేలలోను ఈ వాసనల సంచారమే జరుగుచున్నది. పెసర, మినుము, కంది, శనగ మొలకలు వేళ్లనుండి కొన్ని ద్రవ్యములను మన్నులోనికి విడుచును. రైజోబియము జాతి సూక్ష్మజీవులు ఆ జాడపట్టి ఈదుకొనివచ్చి, వేళ్లయందు బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని పైరునకు ఆహారముగా మార్చును. బుడిపెను చీల్చి చూచినచో లోపల లేతయెఱుపు కానవచ్చును. పని జరుగుచున్నదనుటకు అది గుఱుతు. ఏ మొక్కకు ఏ జీవి యను నియమము గూడ కలదు. శనగకు మేలుచేయునది పెసరకు పనికిరాదు. విత్తనములకు ఈ జీవులు పట్టించునప్పుడు చల్లార్చిన బెల్లపునీటితో కలిపి నీడను ఆరబెట్టవలెనని చెప్పుట యందుకే. ఎండలో ఆరబెట్టినచో, దారి తెలిసినను నడచుటకు అవి ప్రాణముతో నుండవు.

మరల గాయమువద్దకు వత్తము. దారి తప్పినచో ఏమగునో చూచిన, దారి విలువ తెలియును. కొందఱు శిశువులు ఒక వంశలోపముతో పుట్టుదురు. వారి నెత్తురులో తెల్లకణములకు కొదువ లేదు. సాధారణముకన్న మిక్కిలి హెచ్చుగానే యుండును. కాని రక్తనాళపు గోడను పట్టుకొను చేతులు వానికి లేవు. అవి వెలుపలికి రాలేవు. అట్టి బిడ్డలకు పుండు పడినను చీము పట్టదు, పుండు మానదు. సాధారణముగా ఒకటి రెండు వారములలో రాలవలసిన బొడ్డుతాడు మూడు నాలుగు వారములు దాటినను రాలదు. సేన కోటలోనే యుండి, తలుపు తెఱవరాక, ఊరు కాలిపోవుట చూచుచుండినట్లుండును. చీము లేకుండుటయే భాగ్యమనుకొనువారు ఈ బిడ్డలను తలచుకొనవలెను.

ఇంతకన్న చాలమందికి సంబంధించినది మధుమేహము. నెత్తురులో చక్కెర అదుపు తప్పినచో తెల్లకణములకు వాసన పట్టు నేర్పును, నడకయు మందగించును. దానితోపాటు పాదముల నరములు మొద్దుబాఱును. అట్టివారికి ముల్లు గ్రుచ్చుకొన్న సంగతి తమకును తెలియదు, తమ కణములకును సకాలమున తెలియదు. పొలమునకు ఉత్తకాళ్లతో పోవు అలవాటుగల పెద్దలయందు ఈ రెండు చెవుడులు కలిసినప్పుడు, చిన్నముల్లే కాలు తీసివేయువఱకు తెచ్చుట కద్దు.

కావున గృహిణులు పాటింపదగిన నాలుగు మాటలు చెప్పి విరమింతుము. ఇంటిలో మధుమేహముగల అత్తమామలు, తల్లిదండ్రులు ఉన్నచో, ప్రతిరాత్రియు పడకకు ముందు వారి అఱికాళ్లను, వ్రేళ్ల సందులను దీపపు వెలుగున చూడుడు. వారిని చెప్పులు లేక చేలోనికి పోనీయకుడు. ముల్లు గ్రుచ్చుకొన్నచో శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడుగుడు. లోతుగా దిగియున్నచో సూదితో కెలకక వైద్యునికడకు పంపుడు. ధనుర్వాతము సూది వేయించుకొని యెన్నాళ్లయినదో విచారింపుడు. చీమును నొక్కి పిండకుడు. పిండుటచే సూక్ష్మజీవులు లోతునకు పోవును. ఎఱుపు ప్రాకుచున్నను, జ్వరము వచ్చినను ఆలసింపకుడు. పసిబిడ్డ బొడ్డునకు బూడిద, పేడ మొదలైనవి పూయకుడు. పొడిగా, శుభ్రముగా ఉంచుడు. మూడు వారములు దాటినను తాడు రాలనిచో బిడ్డను వైద్యునికి చూపుడు.

మన కణములు తమ దారిని తాము వెదకుకొనును. ఆ దారిలో మట్టియు, ఆలస్యమును అడ్డుపెట్టకుండుట మన వంతు.